ఫ్రెండ్ వాళ్ళింట్లో బీచ్ క్రిస్మస్‌కి పిలిచారు, వెళ్ళనా? ఏం తీసుకెళ్ళాలి?

తణుకు_టు_క్లేటన్ | డిసెంబర్ 8

అందరికీ నమస్తే. మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చేస్తున్నాను, ఇక్కడికొచ్చాక ఇదే మొదటి డిసెంబర్. మా ప్రాజెక్ట్ గ్రూప్‌లో ఇక్కడి అమ్మాయి ఒకతి ఉంది, బాగా క్లోజ్. క్రిస్మస్‌కి ఒక్కదానివే రూమ్‌లో కూర్చుని ఏం చేస్తావు, మా ఇంటికి రా అంది. ఇల్లంటే సిటీలో ఇల్లు కాదు. మార్నింగ్‌టన్ పెనిన్సులాలో రై అనే ఊళ్ళో సముద్రం దగ్గర వాళ్ళ నాయనమ్మకి పాత ఇల్లుందట, ఏటా 24వ తేదీకల్లా కుటుంబమంతా అక్కడికి చేరతారట. నన్ను 27 దాకా ఉండమంటోంది. మొహమాటపడకుండా రమ్మని వాళ్ళమ్మగారు కూడా విడిగా మెసేజ్ పెట్టారు.

బీఫ్, పోర్క్ తినను, చికెన్, చేపలు, రొయ్యలు పర్లేదు. ఈత రాదు. పదిహేను మంది దాకా ఉంటారట, అందరికీ గిఫ్టులు కొనాలంటే నా అకౌంట్ ఖాళీ. బట్టల సంగతి అసలు అర్థం కావట్లేదు. పైగా ఇంటికి ఫోన్ చేసి చెప్తే అమ్మ, "పండగపూట వాళ్ళ కుటుంబం వాళ్ళు ఉంటారు, మధ్యలో నువ్వెందుకే" అంది. ఆ మాట బుర్రలోంచి పోవట్లేదు. ఇలా వెళ్ళినవాళ్ళెవరైనా ఉంటే కాస్త చెప్పండి.

పెనిన్సులా_పెద్దన్న | డిసెంబర్ 8

చెల్లీ, వాళ్ళమ్మ విడిగా మెసేజ్ పెట్టిందంటే అది మాటవరసకి పిలిచిన పిలుపు కాదు. ఇక్కడి జనం ఇష్టం లేకపోతే పిలవరు, రెండోసారి అడగరు. వెళ్ళు.

నేను ఫ్రాంక్‌స్టన్‌లో ఉంటాను కాబట్టి ఆ పక్క సంగతులు కొంచెం తెలుసు. డ్రొమానా, రోజ్‌బడ్, రై, ఈ ఊళ్ళన్నీ డిసెంబర్ చివరికి కిక్కిరిసిపోతాయి. బీచ్ పక్కనే టెంట్లు, కారవాన్లు వేసుకునే చోట్లున్నాయి, తాతల కాలం నుంచి ప్రతి ఏడూ అదే చోటుకొచ్చే కుటుంబాలున్నాయి. పొద్దు తొమ్మిదింటికి దగ్గర పడ్డాకగానీ గుంకదు, అందుకని సాయంత్రం అనేది చాలా సేపు ఉంటుంది, నీకు అదే బాగా నచ్చుతుంది చూడు.

వాళ్ళ కారులో సీటు లేకపోతే ఫ్రాంక్‌స్టన్ దాకా ట్రైను, అక్కడి నుంచి పోర్ట్‌సీ వెళ్ళే 788 బస్సు రై మీదుగానే పోతుంది. 24 మధ్యాహ్నం ఆ రోడ్డు మీద ట్రాఫిక్ ఘోరం, పొద్దున్నే బయల్దేరు. కావలసినవన్నీ 24కే కొనేసుకో, 25న పెద్ద సూపర్‌మార్కెట్లన్నీ మూతే.

ఇంకోటి. మెల్‌బోర్న్ ఎండని నమ్మొద్దు. మధ్యాహ్నం 38 ఉంటుంది, దక్షిణపు గాలి తిరిగిందంటే గంటలో 20కి పడిపోతుంది. క్రిస్మస్ అంటే ఎండ అనుకుని పల్చటి బట్టలే సర్దుకున్నవాళ్ళు రాత్రి దుప్పట్లు కప్పుకుని బార్బెక్యూ దగ్గర కూర్చుంటారు. ఒక స్వెటర్ పెట్టుకో.

నైట్‌షిఫ్ట్_బాబు | డిసెంబర్ 9

అందరూ వెళ్ళు వెళ్ళు అంటారు కాబట్టి నేను ఇంకో మాట చెప్తా. 25, 26 రెండూ పబ్లిక్ హాలిడేలు. క్యాజువల్ వాళ్ళకి, అంటే పర్మనెంట్ కాకుండా గంటల లెక్కన పనిచేసేవాళ్ళకి, చాలా చోట్ల ఆ రోజుల్లో మామూలు రేటుకి రెండున్నర రెట్లు వస్తుంది. సెలవుల్లో స్టూడెంట్ వీసా మీద రెండు వారాలకి 48 గంటల లిమిట్ కూడా ఉండదు. నేను పోయినేడు ఆ రెండ్రోజులూ షిఫ్టులు చేశాను, ఒక నెల అద్దె గట్టెక్కింది. బీచ్ ఎక్కడికీ పోదు, జనవరిలో అయినా వెళ్ళొచ్చు.

పైగా నాకు తెలిసినంతలో వీళ్ళ క్రిస్మస్‌లో పండగ ఏమీ ఉండదు. తింటారు, తాగుతారు, కుర్చీల్లో నిద్రపోతారు. అంతే.

కివీ_కోడలు | డిసెంబర్ 9

బాబూ, తిని నిద్రపోవడమే పండగ అయితే సంక్రాంతికి మా ఇంట్లో మగవాళ్ళంతా చేసేది అదేగా 😄

తణుకమ్మాయీ, నేను ఆక్లాండ్‌లో ఉంటాను, మా ఆయన ఇక్కడివాడే, అంటే అత్తగారింట్లో ఎండాకాలం క్రిస్మస్ నాకు ఏటా ఉండేదే. మాది కోరమాండల్ వైపు చిన్న సముద్రపు ఇల్లు. ఇక్కడ పొహుటుకావా అని చెట్లుంటాయి, సముద్రం గట్టున డిసెంబర్‌లో ఎర్రగా పూస్తాయి, మా వాళ్ళకి అవి పూస్తే క్రిస్మస్ వచ్చినట్టే. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా పద్ధతులు దాదాపు ఒకటే కాబట్టి నేను చూసినవి చెప్తాను.

గిఫ్టుల టెన్షన్ వదిలెయ్. పెద్ద కుటుంబాల్లో చీటీలు తీస్తారు, ఒక్కొక్కరికి ఒక్క పేరు, ఇరవై ముప్పై డాలర్లు దాటకూడదని ముందే అనుకుంటారు. నీ ఫ్రెండ్‌ని అడుగు, నీ పేరు కూడా చీటీల్లో వేసుంటారు. ఇంటికి మాత్రం విడిగా ఏదో ఒకటి తీసుకెళ్ళు. నన్నడిగితే మామిడిపళ్ళ ట్రే. ఆస్ట్రేలియాలో ఇప్పుడు మామిడి సీజనే కదా, డిసెంబర్లో మామిడిపళ్ళు పట్టుకెళ్ళే అదృష్టం మనవాళ్ళకి ఇంకెక్కడ దొరుకుతుంది. లేదంటే ఒక పెట్టె చెర్రీలు. ఖరీదైన వైన్లు, సెంట్లు ఏం అక్కర్లేదు.

పని విషయం బాగా గుర్తుపెట్టుకో. మనింట్లో చుట్టం వస్తే కూర్చోబెట్టి వడ్డిస్తాం. అక్కడ నిన్ను ఎవరూ కూర్చోబెట్టరు, ఏం తాగుతావో ఫ్రిజ్ తెరిచి తీసుకోమంటారు, అది మర్యాద తక్కువ కాదు, నిన్ను ఇంట్లో మనిషి కింద లెక్కేశారని అర్థం. భోజనం అయ్యాక గిన్నెలు తుడిచే గుడ్డ ఒకటి చేతిలోకి తీసుకో చాలు, సగం కబుర్లు ఆ సింకు దగ్గరే దొరుకుతాయి. మీ ఫ్రెండ్ వాళ్ళమ్మని పేరుపెట్టి పిలవమంటారు. నాకు మా అత్తగారిని అలా పిలవడానికి నోరు రాలేదు చాలా కాలం, పిలవకుండానే ఎదురుగా వెళ్ళి నిలబడి మాట్లాడేదాన్ని.

మధ్యాహ్నం తినేశాక అందరూ తలో మూల పడుకుంటారు, పుస్తకాలు చదువుకుంటారు. నన్ను పట్టించుకోవట్లేదేంటని అనుకోకు. నువ్వూ పడుకో.

వెజ్_వీరుడు | డిసెంబర్ 9

తిండి గురించి నేను చెప్తాను, దెబ్బలు తిన్నవాణ్ణి.

క్రిస్మస్ పుడ్డింగ్ చూడ్డానికి ఎండుద్రాక్షల కేకులా ఉంటుంది, కానీ పాత పద్ధతిలో చేస్తే అందులో సూయెట్ వేస్తారు, అంటే పశువుల కొవ్వు. బీఫ్ తినవు కాబట్టి అడిగి తిను, ఈ మధ్య కొవ్వు లేకుండా చేసేవీ బోలెడున్నాయి. ట్రైఫిల్ అని కేకు, కస్టర్డ్ పొరలుగా పేర్చే తీపిలో జెల్లీ ఉంటుంది, అది మామూలుగా జెలటిన్‌తోనే, అంటే పశువుల ఎముకలు, తోలు నుంచి తీసేది. పావ్లోవా అంటే గుడ్డు తెల్లసొన, పంచదార గిలక్కొట్టి ఓవెన్లో పెట్టి పైన క్రీము, పళ్ళు వేసేది. నీకు పర్వాలేదు, నాకు కాదు. అది ఎవరు కనిపెట్టారని మాత్రం ఆస్ట్రేలియావాళ్ళనీ న్యూజిలాండ్‌వాళ్ళనీ ఒకే బల్ల మీద అడక్కు, అన్నం చల్లారిపోతుంది.

తినని వాటి సంగతి ముందే మెసేజ్ పెట్టు. అక్కడికెళ్ళాక ప్లేటు ముందు కూర్చుని చెప్తే వాళ్ళు కంగారు పడతారు. హ్యామ్ అని పెద్ద పంది తొడ, పైన తేనె, లవంగాలు పెట్టి కాల్చింది బల్ల మధ్యలో ఉంటుంది, అదే వాళ్ళ పెళ్ళికొడుకు. బార్బెక్యూ మీద ఒక పక్క నీ చికెన్‌కి వదలమంటే వదులుతారు.

మనది ఏదైనా చేసి పట్టుకెళ్తానంటే మాత్రం పులిహోర ఒక్కటే నా ఓటు. దారిలో పాడవ్వదు, వేడి చెయ్యక్కర్లేదు, వాళ్ళ బల్ల మీద సగం పదార్థాలు చల్లగానే ఉంటాయి కాబట్టి కలిసిపోతుంది. ఎండుమిరపకాయలు తగ్గించి, వేరుశెనగల ఎలర్జీ ఎవరికైనా ఉందేమో అడిగి చెయ్యి.

బాపట్ల_తీరం | డిసెంబర్ 10

నైట్‌షిఫ్ట్ బాబు గారన్న "పండగ ఏమీ ఉండదు" మీద నాలుగు మాటలు. మేము క్రైస్తవులం, నేను సిడ్నీలో ఉంటున్నాను. సూర్యలంక దగ్గర పెరిగినవాణ్ణి కాబట్టి సముద్రమూ కొత్త కాదు, క్రిస్మస్సూ కొత్త కాదు. కానీ రెండూ కలిసి ఒక్క రోజున వస్తాయని ఎప్పుడూ అనుకోలేదు. మాకు డిసెంబర్ అంటే మంచు, ఇంటి మీద వెలిగే నక్షత్రం, అర్ధరాత్రి దాకా కేరల్స్ పాడుకుంటూ ఇల్లిల్లూ తిరగడం, తెల్లారి కొత్త బట్టలతో గుడికి వెళ్ళడం, తర్వాత బిర్యానీ, కజ్జికాయలు.

ఇక్కడ మొదటిసారి కొలీగ్ ఇంటికి పిలిస్తే, పొద్దున్నే ఆరాధనకి ఏ చర్చికి వెళ్తారని అడిగాను. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. 2021 జనాభా లెక్కల్లో ఈ దేశంలో క్రైస్తవులమని రాసుకున్నవాళ్ళు 44 శాతం లోపే, ఏ మతమూ లేదన్నవాళ్ళు 39 శాతం దాకా ఉన్నారు. చాలా ఇళ్ళలో క్రిస్మస్ అంటే కుటుంబం, సెలవు, అంతే. నాకు అది మొదట్లో వెలితిగా ఉండేది, ఇప్పటికీ కొంచెం ఉంది, లేదని చెప్పను. అందుకే పొద్దున మా తెలుగు సంఘం ఆరాధనకి వెళ్ళి, తర్వాత వాళ్ళింటికి వెళ్తాను.

అయితే వాళ్ళకి ఆచారాలు లేవంటే ఒప్పుకోను. రొయ్యల సంగతే చూడండి. సిడ్నీ ఫిష్ మార్కెట్ క్రిస్మస్ ముందు 36 గంటలు ఆపకుండా తెరిచి ఉంచుతారు, తెల్లవారుజామున మూడింటికి కూడా క్యూ ఉంటుంది. ఆ రొయ్యల కోసం ఆ టైముకి లేచే మనిషిని భక్తి లేనివాడని ఎలా అంటాం?

నైట్‌షిఫ్ట్_బాబు | డిసెంబర్ 10

సరే అన్నా, రొయ్యల భక్తి ఒప్పుకున్నా. కానీ ఉడికించి ఐసులో పెట్టి, మసాలా లేకుండా, గులాబీ రంగు సాసులో ముంచుకుని తినడం భీమవరం వాడిగా నేను చూడలేను.

ఎర్ర_పసుపు_జెండా | డిసెంబర్ 11

అందరూ తిండి దగ్గరే ఆగిపోయారు. అమ్మాయి మొదటి పోస్టులోనే ఈత రాదని రాసింది, ఎవరూ పట్టించుకోలేదు. నేను వీకెండ్స్‌లో సర్ఫ్ లైఫ్ సేవింగ్ వాలంటీర్‌గా, అంటే నీళ్ళలో దిగినవాళ్ళకి కాపలాగా, బీచ్ డ్యూటీ చేస్తాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను, చదవండి.

రైలో రెండు సముద్రాలున్నాయి. ఊరి ముందున్నది పోర్ట్ ఫిలిప్ బే, అలలు చిన్నవి, చాలా దూరం మోకాలి లోతే. అక్కడ కూడా ఇసుక తిన్నె దాటాక లోతు ఒక్కసారిగా పెరిగే చోట్లుంటాయి, నడుము దాటి వెళ్ళకు. ఊరి వెనక, కారులో కొద్ది నిమిషాల దూరంలో బ్యాక్ బీచ్ అంటారే, అది బాస్ జలసంధి వైపు తెరుచుకున్న సముద్రం, అసలు పోలికే లేదు. అదే తీరంలో పోర్ట్‌సీ దగ్గర చెవియట్ బీచ్‌లో 1967 డిసెంబర్ 17న అప్పటి ఆస్ట్రేలియా ప్రధాని హెరాల్డ్ హోల్ట్ ఈతకి దిగి గల్లంతయ్యాడు, శవం కూడా దొరకలేదు. ఆయనకి ఈత బాగా వచ్చు, ఆ తీరం కూడా బాగా తెలుసు. 2024 జనవరిలో ఫిలిప్ ఐలాండ్‌లో ఫారెస్ట్ కేవ్స్ దగ్గర కాపలా లేని బీచ్‌లో చనిపోయిన నలుగురూ భారతీయ మూలాల వాళ్ళే.

మనల్ని లాక్కెళ్ళేది పెద్ద అల కాదు, రిప్. అలలతో ఒడ్డుకొచ్చిన నీళ్ళు మళ్ళీ లోపలికి వెళ్ళడానికి ఒక దారి చేసుకుంటాయి, ఆ దారిలో నీళ్ళు నల్లగా, నునుపుగా, అలలు విరగకుండా కనిపిస్తాయి. కొత్తవాళ్ళకి అదే ప్రశాంతంగా ఉన్న చోటులా అనిపిస్తుంది, సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలసిపోవడం తప్ప లాభం లేదు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తాలి. ఈత వచ్చినవాళ్ళయితే ఒడ్డుకి సమాంతరంగా ఈది, అలలు విరుగుతున్న చోటికి చేరాలి. కాపలా ఉన్న చోట పాతే ఎర్ర పసుపు జెండాల మధ్యే దిగాలి, జెండాలు లేకపోతే దిగకూడదు. ఎవరైనా కొట్టుకుపోతుంటే మీరు దూకొద్దు, తేలేదేదైనా విసిరి ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్ 000కి ఫోన్ చెయ్యండి.

"నాకు ఈత రాదు" అని వెళ్ళిన మొదటి రోజే అందరి ముందూ చెప్పెయ్. వాళ్ళంతా నడక నేర్చుకున్నప్పుడే ఈత నేర్చుకున్నవాళ్ళు, పెద్దవాళ్ళకి ఈత రాకపోవడం అనేది వాళ్ళ ఊహకే అందదు.

బట్టలు: జీన్స్, చుడీదార్‌తో నీళ్ళలోకి వద్దు, తడిసి బరువెక్కి కిందకి లాగుతాయి. పొడుగు చేతుల రాష్ వెస్ట్ (ఒంటికి అతుక్కుని ఉండే ఈత చొక్కా), లెగ్గింగ్స్ వేసుకో, ఎండ వల్ల అక్కడ చాలామంది అలాగే వేసుకుంటారు, ఎవరూ వింతగా చూడరు. మనం నల్లవాళ్ళం మనకి మాడదు అనే మాట పక్కన పెట్టు. ఎండలో చర్మాన్ని మాడ్చే కిరణాల తీవ్రతని యూవీ ఇండెక్స్ అంటారు, డిసెంబర్లో ఇక్కడ మధ్యాహ్నం అది 11 దాటుతుంది, 3 నుంచే జాగ్రత్త పడాలంటారు. ఎస్‌పీఎఫ్ 50+ సన్‌స్క్రీన్ బయటికెళ్ళే ఇరవై నిమిషాల ముందు, మళ్ళీ ప్రతి రెండు గంటలకీ.

తణుకు_టు_క్లేటన్ | డిసెంబర్ 12

అన్నయ్యలకీ అక్కకీ చాలా థాంక్స్. వస్తానని చెప్పేశాను. చీటీలో నాకు వాళ్ళ నాయనమ్మ పేరు వచ్చింది, ఆవిడకి 84 ఏళ్ళు, క్రాస్‌వర్డ్‌లు, క్రికెట్ ఇష్టమట. ఈతగాడన్నయ్యా, మీరు రాసిందంతా స్క్రీన్‌షాట్ తీసి రూమ్మేట్స్ గ్రూప్‌లో పెట్టాను.

తణుకు_టు_క్లేటన్ | డిసెంబర్ 28

వచ్చేశాను. ఎలా జరిగిందో చెప్తున్నా, కాస్త పొడుగు.

ఇల్లు చిన్నది, మనుషులు ఎక్కువ. పిల్లలంతా పెరట్లో టెంట్లలో, నేనూ ఫ్రెండూ ముందు గదిలో గాలి పరుపు మీద. బాత్రూమ్ ఒక్కటే. బయట కుళాయి దగ్గర కాళ్ళ ఇసుక కడుక్కోకుండా ఎవరైనా లోపలికి అడుగు పెడితే నాయనమ్మ గొంతు వీధి చివరి దాకా వినిపిస్తుంది. 24 రాత్రి టీవీలో మెల్‌బోర్న్ కేరల్స్ పెట్టారు, సగం మంది చూస్తూ, సగం మంది బంగాళాదుంపలు చెక్కుతూ.

25న పొద్దున్నే మండే ఎండ. భోజనాల ముందు బల్ల దగ్గర తలా ఒక కాగితపు గొట్టం పెట్టారు, ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగితే టప్‌మని పేలుతుంది, లోపల కాగితం కిరీటం, పరమ చెత్త జోకు. కిరీటం పెట్టుకునే భోంచెయ్యాలట, ఆరడుగుల బాబాయిలు కూడా పెట్టుకున్నారు. రొయ్యలు కుప్పగా పోసి ఎవరివి వాళ్ళే ఒలుచుకోమన్నారు, ఇక్కడ మాత్రం గోదావరి జిల్లా పరువు నిలబెట్టాను, నా స్పీడు చూసి నలుగురు వాళ్ళ ప్లేట్లు నా ముందుకి తోశారు. చల్ల రొయ్యలు బానే ఉన్నాయి బాబన్నా, కోప్పడకండి, నిమ్మకాయ పిండి కారం చల్లుకున్నాను. పొట్టు, తలకాయలు మాత్రం చెత్తబుట్టలో వెయ్యలేదు, కవర్లో కట్టి ఫ్రీజర్లో పెట్టారు! చెత్తబండి వచ్చే రోజు దాకా ఈ ఎండకి కంపు కొట్టకుండా అట. ఎంత తెలివో.

పులిహోర సగం మిగులుతుందనుకున్నాను. నాయనమ్మగారు హ్యామ్ పక్కన పెట్టుకుని తిన్నారు, నేను అటు చూడకుండా కూర్చున్నాను. మామిడిపళ్ళు పిల్లలు బీచ్‌లోకే పట్టుకుపోయారు.

సాయంత్రం గాలి తిరిగింది, పెద్దన్న గారు చెప్పినట్టే. అందరూ స్వెటర్లు వేసుకుని ఇసుకలో క్రికెట్. వాళ్ళ రూల్స్ వింటే నవ్వొచ్చింది: మొదటి బంతికి ఔట్ లేదు, కంచె దాటితే సిక్సు, ఔటు కూడా, ఒక్క గెంతు తర్వాత ఒంటిచేత్తో పట్టినా ఔటే. మా వీధిలో అవే రూల్స్. నీళ్ళు మాత్రం అంత ఎండలో కూడా ఐసు, మోకాళ్ళ దాకా దిగి వచ్చేశాను, మర్నాడు వాళ్ళు బ్యాక్ బీచ్‌కి వెళ్తుంటే నేను, నాయనమ్మ ఇంట్లోనే ఉండి టీవీలో బాక్సింగ్ డే టెస్ట్, అంటే ఏటా 26న మెల్‌బోర్న్‌లో మొదలయ్యే క్రికెట్ మ్యాచ్, చూశాం. మధ్యలో ఒకసారి సిడ్నీ నుంచి హోబార్ట్‌కి పడవల పందెం మొదలవుతుంటే అటు మార్చి మళ్ళీ ఇటు.

అన్నీ బాగున్నాయని కూడా అనను. ఒక మావయ్య రెండు గ్లాసుల తర్వాత నా పెళ్ళి ఎవరు కుదురుస్తారు, కట్నం ఎంత అని అందరి ముందూ మొదలుపెట్టాడు. మా ఫ్రెండ్ వాళ్ళమ్మ ఒక్క చూపు చూసి అతన్ని గిన్నెల దగ్గరికి పంపింది. 25 రాత్రి వాళ్ళు పాత ఫోటోలు తీసి చనిపోయిన తాతగారి గురించి మాట్లాడుకుంటుంటే నాకు అక్కడ ఉండాలో లేవాలో తెలియలేదు. బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను, ఇక్కడికంటే ఇండియా టైము ఐదున్నర గంటలు వెనక కాబట్టి అమ్మ అప్పుడే భోజనం చేసి కూర్చుంది. వీడియోలో వెనకాల ముగ్గురు మగవాళ్ళు గిన్నెలు తోముతుండటం చూసి, నేను ఎలా ఉన్నానని అడగడం మానేసి "మీ నాన్నని పిలుస్తానుండు, ఇది చూడాలి" అంది.

కివీ_కోడలు | డిసెంబర్ 28

ఫోటోల దగ్గర నుంచి లేచి వచ్చేశావు కానీ, మళ్ళీసారి లేవకు, ఆ తాత ఎవరని అడుగు, వాళ్ళకి చెప్పుకోవడానికి కొత్త మనిషి దొరకడమే కావాలి. మా మామగారి కథలన్నీ నాకు అలాగే తెలిశాయి.

వెజ్_వీరుడు | డిసెంబర్ 28

పులిహోర పక్కన హ్యామ్. ఈ థ్రెడ్‌లోకి ఇంక రాను.

నైట్‌షిఫ్ట్_బాబు | డిసెంబర్ 29

నేను రెండు రోజులూ షిఫ్టే చేశాను, డబ్బులు వచ్చాయి, బాధేం లేదు. 25 రాత్రి పెట్రోల్ బంకులో ఎవరో పెద్దాయన కాగితం కిరీటంతోనే వచ్చి ఐసు కొనుక్కెళ్ళాడు, ఏంటా అనుకున్నా, ఇప్పుడర్థమైంది. అయినా ఆ నాయనమ్మగారికి ఏం గిఫ్ట్ ఇచ్చావో చెప్పలేదు.

తణుకు_టు_క్లేటన్ | డిసెంబర్ 29

క్రాస్‌వర్డ్ పుస్తకం, పెద్ద అక్షరాలది. టెస్ట్ చూస్తూ నాచేత కూడా పూరింపజేశారు, క్రికెట్ క్లూలు తప్ప ఒక్కటీ రాలేదు.

కాకినాడ_కోస్ట్ | డిసెంబర్ 30

ఆలస్యంగా వచ్చాను. మమ్మల్ని న్యూ ఇయర్‌కి గోల్డ్‌కోస్ట్‌లో కొలీగ్ వాళ్ళ కుటుంబం పిలిచింది, పిల్లలున్నారు. అక్కడ నీలం జెల్లీచేపలు కుడతాయంటున్నారు, నిజమేనా? వెనిగర్ పట్టుకెళ్ళాలా?

ఎర్ర_పసుపు_జెండా | డిసెంబర్ 30

నిజమే అండీ, బ్లూబాటిల్స్. గాలి సముద్రం మీంచి ఒడ్డుకి వీచే రోజుల్లో కొట్టుకొస్తాయి, ఇసుకలో పడి ఉన్నవి కూడా కుడతాయి, పిల్లల్ని ముట్టుకోనివ్వద్దు. వాటికి వెనిగర్ కాదు. అతుక్కున్న దారాలు తీసేసి సముద్రపు నీళ్ళతో కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచాలి. వెనిగర్ ఉత్తరాన కెయిర్న్స్ వైపు ఉండే బాక్స్ జెల్లీఫిష్‌కి, అది వేరే సంగతి, అక్కడ ఈ సీజన్లో వల కట్టిన చోటే దిగాలి. మీరు వెళ్ళే బీచ్ పేరు చెప్తే కాపలా ఏ టైముల్లో ఉంటుందో చూసి చెప్తాను.